పదమూడేళ్ల విరామం

రొడియోన్ యెఫీమొవిచ్ ఊరి ఫుట్‌బాల్ మైదానం గేటు లోపల అడుగుపెట్టి ఇరవై ఒక్క ఏళ్లయింది. బడిలో పిల్లలకు వ్యాయామం నేర్పి ఇంటికి వెళ్లేటప్పుడు కూడా రెండు వీధులు ఎక్కువ నడిచినా సరే, అది కంటపడకూడదని కామా నది పక్క దారే పట్టేవాడు. అలాంటి మనిషిని ఆ ఆగస్టులో "బేరెగ్" ఫుట్‌బాల్ క్లబ్బు డైరెక్టరు రుస్లాన్ అల్బెర్తొవిచ్ కారు పంపి మరీ పిలిపించాడు.

రుస్లాన్‌కు నలభై దాటి ఉండవు. ఊళ్లో ప్లైవుడ్ కార్ఖానా అతనిదే. కూర్చోమని కూడా అనకుండా, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కొత్తగా కట్టిన స్టాండ్ చూపించాడు.

"ఆ ముందు గోడ మీద మన క్లబ్బు చరిత్ర రాయిస్తున్నానండీ. సెప్టెంబరులో డెబ్భై ఐదేళ్ల పండగ. రాయాల్సింది మీరే."

"డెబ్భై ఐదేళ్లా? మీ క్లబ్బు పుట్టింది మొన్న మొన్ననే కదా."

"2016 అంటే ఎవడు లెక్కచేస్తాడు చెప్పండి? ఎనిమిదేళ్ల పిల్లాడి మాట ఎవరైనా వింటారా? మీ 'మార్తెన్' 1949లో పుట్టింది. ఊరదే, మైదానమదే. దాన్నే మనం కొనసాగిస్తున్నాం. చివరి కెప్టెన్ మీరు. గేటు పక్కన మీ ఫొటో రెండు మీటర్ల ఎత్తు పెట్టిస్తా."

ఉక్కు కార్ఖానా జట్టు మార్తెన్‌కు రొడియోన్ ఆరేళ్లు నాయకత్వం వహించాడు. 2003లో కార్ఖానా చేతులెత్తేయడంతో జట్టు మూతపడింది. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ అతణ్ణి కెప్టెన్ అని పిలవలేదు. రెండు మీటర్ల ఫొటో అనగానే చెవులు వేడెక్కాయి. సిగ్గుపడ్డాడు, కానీ వద్దనలేకపోయాడు.

రాయడం హుషారుగానే మొదలైంది. 1949 నుంచి 2003 వరకు నాలుగు రోజుల్లో పూర్తయింది. 2016 దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. మధ్యలో పదమూడేళ్లున్నాయి. ఫోన్ చేస్తే రుస్లాన్, "కొంత విరామం తరువాత అని రాసేయండి. అంతకంటే ఏముంది అక్కడ?" అన్నాడు. రొడియోన్ అలాగే రాశాడు.

బేరెగ్ ఎనిమిదేళ్ల ఫొటోల కోసం ఫయీనా ప్రోఖొరొవ్నా ఇంటికి వెళ్లాడు. ఆమె భర్త గెర్మన్ మార్తెన్ రోజుల్లో మైదానం చూసుకునే మనిషి. బేరెగ్ మొదలుపెట్టిందీ ఆయనే. పోయి ఆరేళ్లయింది. రొడియోన్ ఇరవై ఏళ్ల కుర్రాడిగా ఉన్నప్పటి నుంచీ ఆమెను పిన్నీ అనే పిలుస్తాడు.

"వచ్చావా రోద్యా! ఇన్నాళ్లకు దారి గుర్తొచ్చిందా?" అంటూ ఆమె క్యాబేజీ కూరిన పిరోగ్ రొట్టె ముక్క అతని ముందుకు తోసింది. "తిను. ఎండిపోయిన బిర్చి కొమ్మలా ఉన్నావు."

అట్టపెట్టెలోంచి ఒక ఫొటో తీసింది. గోల్‌కీపర్ చేతితొడుగులు వేసుకున్న బొద్దుగా ఉన్న ముసలాయన, వెనక కరగని మంచు.

"గెర్మన్ గోల్‌కీపర్‌గా ఆడాడా?" రొడియోన్ నమ్మలేకపోయాడు.

"మొదటి ఆట అది. జిల్లా లీగ్, ఏప్రిల్ నెల. గోల్‌కీపర్ అబ్బాయికి క్రేను మీద డ్యూటీ పడింది. ఆట రద్దయితే క్లబ్బు పేరే కొట్టేస్తామన్నారు. ఈయన అరవై ఒక్క ఏళ్ల వయసులో జెర్సీ తొడిగేశాడు. అవతలి జట్టు, పాలకేంద్రం కుర్రాళ్లు, ఆరు గోల్స్ కొట్టారు. ఏడోది పెనాల్టీ. దాన్ని పట్టేశాడయ్యా! ఆరు తిన్న సంగతి మర్చిపోయి, ఆ ఒక్కదాని గురించి ఏడాది పాటు చెప్పాడు. జెర్సీలన్నీ నేనే ఇంట్లో ఉతికి వంటగదిలో ఆరేశాను. తరువాతి ఆటకీ అవే. రెండో జత లేదు కదా."

"మరి పెద్ద లీగులో మొదటి ఆట చూశాడా?"

"పద్నాలుగు రోజులు తక్కువైంది. ఆ ఆటకు ముందే పోయాడు." ఆమె ఫొటో మీది దుమ్ము తన వెడల్పాటి ఏప్రాన్ అంచుతో తుడిచింది. "ఇంతకీ ఏం రాశావు? చదువు."

రొడియోన్ చదివాడు. విరామం అనే మాట దగ్గర ఆమె చెయ్యెత్తింది.

"విరామమా? టీ తాగి తిరిగొచ్చేదాన్ని విరామం అంటారు. ఆ పదమూడేళ్లూ అక్కడ సంత నడిచింది. గోల్ స్తంభానికి తాడు కట్టి చైనా జాకెట్లు వేలాడదీశారు. నేనూ ఒకటి కొన్నాను, జిప్పు వారానికే ఊడింది. దాన్ని విరామం అంటే గెర్మన్ పడ్డ పాటంతా ఏంటి మరి? టీ కప్పు కింద పెట్టి లేచాడా?"

ఆమె ఫొటోను అతని సంచిలో పెట్టి, ఇంకో పిరోగ్ ముక్క కాగితంలో చుట్టి ఇచ్చింది.

వంతెన మీద నడుస్తుంటే అతనికి 2003 నవంబరు కళ్ల ముందు కదిలింది. బయటి ఊళ్లో ఆట ఆడి, పగలంతా బస్సులో ప్రయాణం చేసి వచ్చేసరికి బట్టలు మార్చుకునే గది తలుపుకి కొత్త తాళం ఉంది. వాళ్ల మిగతా సామానంతా లోపలే. వానలో పద్దెనిమిది మంది నిలబడ్డారు. ఎవరో వస్తారని కెప్టెన్‌గా అతనే వాళ్లను గంటసేపు ఆపాడు. ఎవరూ రాలేదు. చివరికి "ఇక అయిపోయింది, ఇళ్లకు వెళ్లండిరా" అన్నదీ అతనే. ఆ మాట చెప్పడం అతని జన్మలో అన్నిటికంటే కష్టమైన పని. ఇప్పుడు అయిపోలేదు, కాస్త ఆగిందంతే అని గోడ మీద రాస్తే, ఆ వానకు అర్థమే లేకుండా పోతుంది.

మర్నాడు రుస్లాన్ బల్ల మీద రొడియోన్ నాలుగు కాగితాలు పెట్టాడు. మొదటి వాక్యం 2016 ఏప్రిల్‌తో మొదలైంది.

రుస్లాన్ చదివి తలెత్తాడు. "మీ పేరే లేదేంటి?"

"నేను ఆడింది వేరే జట్టుకు. అది పోయింది. పోయిందని దాని కుర్రాళ్లకు చెప్పింది నేనే."

"ఫొటో ఉండదు, తెలుసుగా?"

"తెలుసు."

"ఊళ్లో ఎవడైనా ఇలాంటి అవకాశం వదులుకుంటాడా? మీకు మతి పోయిందండీ!" విసురుగా కాగితం తిప్పాడు. కాసేపటికి, "ఈ ఆరు గోల్స్ సంగతి నిజమేనా?" అన్నాడు.

"నిజమే. ఏడోది పట్టాడు."

"అరవై ఒక్క ఏళ్లకా?" రుస్లాన్ నవ్వబోయి ఆగాడు. "ఈ క్లబ్బు నడుపుతూ ఆరేళ్లయింది. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు." అంతకు మించి ఏ మాటా ఇవ్వలేదు. ఆలోచిస్తానని పంపించేశాడు.

సెప్టెంబరులో గోడ మీద 2016 అనే ఉంది. పండగ పేరు మార్చి "కొత్త స్టాండ్ ప్రారంభం" అన్నారు. అభిమానుల కండువాలు మాత్రం అప్పటికే నేయించేశారు, వాటి మీద 1949 అలాగే ఉండిపోయింది. జనం వాటినే మెడలో వేసుకుని గోడ మీది చరిత్ర చదువుతున్నారు. తేడా ఏమిటని అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

ఫయీనా ప్రోఖొరొవ్నా భర్త ఫొటో ముందు చాలాసేపు నిలబడింది. "పొట్ట లోపలికి పీల్చమని అప్పుడే మొత్తుకున్నా. వినలేదు. ఇప్పుడు ఊరంతా చూస్తోంది," అని కళ్లు తుడుచుకుంది.

రొడియోన్ గోడ ఆ చివర నుంచి ఈ చివర వరకు చూశాడు. తన ముఖం ఉండదని తెలుసు. అయినా కళ్లు వెతికాయి. మార్తెన్ కుర్రాళ్లలో సగం మంది ఇప్పుడు ఎక్కడున్నారో కూడా తెలియదు. వాళ్లకు ఈ ఊళ్లో ఒక్క గోడా లేదు. ఆ దిగులు అతను అనుకున్నంత చిన్నది కాదు.

ఆట మొదలైంది. పదో నిమిషంలో ఎడమ వైపున ఆడే సన్నటి కుర్రాడు నేల మీద జారి, గోల్‌లోకి పోబోయే బంతిని కాలి మడమతో బయటికి తన్నాడు. స్టాండంతా లేచింది. రొడియోన్ కూడా లేచి నిలబడ్డాడు.

"ఎవర్రా వాడు, రోద్యా?" ఫయీనా మోచేత్తో పొడిచింది.

క్లబ్బు చరిత్ర రాసిన మనిషికి ఆ కుర్రాడి పేరు తెలియదు. ముందు వరుసలో కండువా వేసుకున్న ఆయన భుజం తట్టి అడిగాడు. ఆయన వింతగా చూసి పేరు చెప్పాడు. గోల వల్ల సరిగ్గా వినబడక రొడియోన్ ఇంకోసారి అడిగాడు.