పెళ్ళి పెట్టెలో పిల్లికూనలు

మా అత్తవారింటి పిల్లికి పేరు లేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఎందుకు పెట్టలేదని అడిగితే, పిలిస్తే వచ్చేదైతే పెట్టేవాళ్ళమే అంది మా అత్తమ్మ లిదియా. ఆ మాట నాకెంత నచ్చిందంటే, మిరియపు తీగ పాకిన సిల్వర్ ఓక్ చెట్టుకు నిచ్చెన వేసుకుని మిరియాలు కోస్తున్న మా ఆయన టైటస్ దగ్గరికి పరుగెత్తుకెళ్ళి అప్పటికప్పుడు చెప్పేశాను. అతను పైనుంచి నవ్వేసరికి మిరియపు గుత్తులు నా నెత్తిన రాలాయి. నలుగురిలో నేనతన్ని మీరు అంటాను. ఇద్దరమే ఉన్నప్పుడు పేరు పెట్టి పిలుస్తాను. పెళ్ళి పారాణి వెలిసిందో లేదో కనక, ఇలాంటివన్నీ నాకింకా పండగలాగే ఉన్నాయి.

నేను రాజవొమ్మంగి పిల్లని. కాకినాడలో ఎం.ఏ. చదివాను, కథలు రాస్తాను. టైటస్ జి.మాడుగులలో మాస్టారు. రాసేవాళ్ళకి పిల్లులంటే అంత ఇష్టమెందుకని పెళ్ళిచూపుల్లో అతను అడిగాడు. అవి ఎవరి మాటా వినవు కాబట్టి అన్నాను, తెలివిగా కనిపించాలని. ఆ జవాబు తర్వాత నాకే నచ్చలేదు. ఎవరి మాటా వినని గుణం మా అత్తమ్మ మేకకి కూడా ఉంది. దాన్ని ఏ రచయితా మెచ్చుకున్నట్టు లేదు.

కాఫీ కోతలు అయిపోయాక పిల్లి మా కట్టెల మోపుల వెనకాల ఈనింది. సరిగ్గా అదే వారం ఊళ్ళో ఆడవాళ్ళంతా కొత్తకోడల్ని చూడ్డానికి వస్తున్నారు. నన్ను చూశాక కూనల్ని చూసేవారు. నన్ను అటూ ఇటూ తిప్పి, జడ పట్టుకుని, చెవి దుద్దులు తడిమి చూస్తుంటే నేను హాయిగా నవ్వుకుంటూ కూర్చునేదాన్ని. పిల్లికి మాత్రం అది నచ్చలేదు. మర్నాటికి కూనల్ని పశువుల పాకలోకి మార్చింది. అక్కడా చూశారు. చింతపండు బుట్టల మధ్యకి మార్చింది. అక్కడ కూడా చూసేసరికి పూర్తిగా మాయం చేసింది.

అందరికంటే దిగులుపడింది పక్కింటి గంగ. ఒక కూనని ఆమెకిస్తానని అత్తమ్మ ముందే మాటిచ్చింది. గంగ ఇంటి అటక మీద చోళ్ళ విత్తనం ఉంది. అది ఆమె అత్తగారి కాలం నుంచి ఏటేటా దాచుకుంటూ వస్తున్న రాగుల రకం, సంతలో దొరకదు. ఈ ఏడు ఎలుకలు దానిమీద పడ్డాయి. మందు పెడితే కోళ్ళు చస్తాయి. పోనీ విత్తనం తెచ్చి మా ఇంట్లో పెట్టమంటే గంగ ఒప్పుకోదు. చైత్రంలో విత్తనాలకి చేసే ఇటుకల పండక్కి ఊరి శంకుదేవుడి ముందు పెట్టేదాకా విత్తనం గడప దాటకూడదని ఆమె ఇంటి నియమం. మేం చర్చికి వెళ్ళేవాళ్ళమే అయినా, విత్తనం దగ్గర అత్తమ్మ గంగ మాటకి ఎదురు చెప్పదు.

ఒక మధ్యాహ్నం చీర తీద్దామని మా గదిలోకి వెళ్ళాను. నా ట్రంకు పెట్టె మూత సరిగ్గా పడదు, ఘాట్ రోడ్డులో జీపు కుదుపులకి మడతబందు వంగిపోయింది. ఆ సందులోంచి లోపలికి చూస్తే, నా పెళ్ళినాటి తెల్లచీర మీద మూడు కూనలు ఒకదాని కడుపులో ఒకటి ముడుచుకుని నిద్రపోతున్నాయి. బూడిద రంగువి రెండు, పసుపు చారలది ఒకటి. వాటి వెనక పిల్లి నన్నే చూస్తోంది. బెదరలేదు, బతిమాలలేదు. చూశావు కదా, ఇప్పుడేం చేస్తావో చేయి అన్నట్టుగా ఉంది. నేను చీర తీయకుండానే బయటికొచ్చి తలుపు చేరవేశాను. ఆనందంతో నాకు కాళ్ళు నిలవలేదు. అయినా ఎవరికీ చెప్పలేదు. మిరియాల గుత్తి రాలినా చెప్పేదాన్ని, టైటస్‌కి కూడా చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో తర్వాత అర్థమైంది. అంతకు కొన్నాళ్ళ ముందు ఒక కథ మొదలుపెట్టి, సగంలో ఉండగానే ఆగలేక అతనికి చెప్పేశాను. చాలా బాగుందన్నాడు. మర్నాడు కాగితం ముందు కూర్చుంటే ఆ కథ లేదు. ఎక్కడికి పోయిందో ఇప్పటికీ తెలియదు. రాసేవాళ్ళు పిల్లిని మెచ్చుకునేది పొగరు చూసి కాదేమో అనిపించింది. కళ్ళు తెరవనిదాన్ని నలుగురి కళ్ళలో పడనివ్వకూడదని దానికి తెలుసు. మాకు తెలియదు. తెలిసినా ఆగలేం.

కానీ గంగ రోజూ వస్తూనే ఉంది. ఒకరోజు అరుగు మీద కూర్చుని, కొంగు ముడి విప్పి చూపించింది. అంతా ఎలుకలు కొరికిన పొట్టు. అంత చిన్నకూన ఎలకని పట్టలేదనీ, తల్లి దగ్గర వేట నేర్చుకోకుండా తీసుకెళ్తే అది బతకదనీ అత్తమ్మ నచ్చజెప్పింది. గంగ తల దించుకుని వింది.

"నాకు తెలీదేటి, లిదియప్పా. పండక్కి అందరూ ఇత్తనం అట్టుకెల్తారు. మా అత్త ఇచ్చింది నా సేతుల్లో ఆరిపోతందని బయం."

ఆమె ఏడవలేదు. పొట్టుని మళ్ళీ ముడి వేసుకుంది, పారేయడానికి మనసొప్పనట్టు. నేనిక మాట్లాడకుండా ఉండలేకపోయాను. కూనలు నా పెట్టెలో ఉన్నాయని చెప్పాను.

అత్తమ్మ గదిలోకి ఒక్క అడుగు వేసి, పెట్టె వైపు చూడకుండానే వెనక్కి వచ్చేసింది. కూనని తీస్తే తల్లి మిగతావాటిని అడవికే మోసుకుపోతుందని అంది. అలాగైతే తీయొద్దు, తల్లీ పిల్లలతో సహా పెట్టెనే గంగ ఇంటికి మోసుకెళ్దాం అన్నాను. అదంత పెద్ద మాటని అన్నాక కూడా నాకు తెలియలేదు. గంగే నోటి మీద చెయ్యి వేసుకుంది. ఈ కొండల్లో కొత్తకోడలి పెట్టె ఇల్లు దాటిందంటే అర్థం ఒక్కటే: కోడలు మొగుణ్ణి వదిలేసింది. ఆ మాట ఒకసారి ఊళ్ళో పడితే మళ్ళీ ఏరుకోలేం.

అత్తమ్మ చాలాసేపు మిరియాల గింజలు చెరుగుతూ కూర్చుంది. మామూలుగా అయితే ఆ పాటికి నాలుగు కారణాలు చెప్పి ఉండేదాన్ని. చివరికి చేట పక్కన పెట్టి లేచింది.

"నాను ముందు నడుత్తాను. మీ ఇద్దరూ ఎనకాల అట్టుకుని రండి. కుదపకండి."

పెట్టెకి ఒక వైపు నేను, ఒక వైపు గంగ. లోపల పిల్లి కదల్లేదు. మూత సందులోంచి దాని కళ్ళు దారి చూస్తున్నాయి. కుళాయి దగ్గర రత్నాలు బిందె దించేసింది. ఈ రత్నాలుకి తెలిస్తే చింతూరు దాకా తెలిసినట్టే.

"ఏటే లిదియా, కోడలి పెట్టె ఎల్లిపోతంది?"

"పెట్టె ఎల్తంది. కోడలుంటాది," అంది అత్తమ్మ నడక ఆపకుండా.

గంగ ఇంట్లో పెట్టెని అటక కింద, పొయ్యికి ఎడంగా దించాం. ఒక్కసారి లోపలికి చూడాలని నాకు ప్రాణం లాగింది. అత్తమ్మ నా రెక్క పట్టుకుని బయటికి నడిపించింది. ముగ్గురం అరుగు మీద, ఇంటికి వీపు పెట్టి వరసగా కూర్చున్నాం. గంగ ముందే కాచిపెట్టిన కాఫీ బెల్లంతో కమ్మగా ఉంది. వెనక ఏ చప్పుడూ లేదు. కొండ మీద ఎండ వాలుతుంటే ఒక్కో గట్టూ రంగు మారడం చూస్తూ కూర్చున్నాం. గంగ చేతిలో గ్లాసు అలాగే ఉంది, తాగలేదు.

అంతలో బైకు చప్పుడు. టైటస్. రత్నాలు కొడుకు బడికి ఫోన్ చేశాడట. చేతులకి సుద్దపొడి, చొక్కా నిండా దుమ్ము. బండి సరిగ్గా నిలబెట్టకుండానే నా దగ్గరికొచ్చి, తల్లి వినకుండా గొంతు తగ్గించాడు.

"నేనేం చేశాను, సిల్వియా?"

నాకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఒక మనిషి నాకోసం అంతలా భయపడటం నేనెప్పుడూ చూడలేదు. అంతా చెప్పబోయాను. అత్తమ్మ వేలు అడ్డం పెట్టింది.

"కూకో. అటు తిరిగి కూకో."

ఏమీ అర్థం కాకపోయినా అతను నా పక్కన, ఇంటికి వీపు పెట్టి కూర్చున్నాడు. నేనతని చేతి మీది సుద్దపొడి నా కొంగుతో తుడుస్తూ ఉన్నాను. కాసేపటికి లోపల అటక మీద మెత్తగా ఏదో దూకిన చప్పుడైంది. ఒక ఎలుక కిచకిచ మొదలై, సగంలోనే తెగిపోయింది. తర్వాత ట్రంకు పెట్టె రేకు చిన్నగా మోగింది, బరువైనదేదో నోట కరుచుకుని అంచు దాటి లోపలికి దిగినట్టు.

గంగ గ్లాసెత్తి కాఫీ తాగింది. మేమెవ్వరం వెనక్కి తిరగలేదు.