గేటు దాటి పోయిన లారీ

తెల్లవారి ఆరు గంటలకు లోకేశ్వరి యార్డులోకి దిగేది. ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో చిన్న సుత్తి. వరసగా నిలబెట్టిన పాత లారీల మధ్య నడుస్తూ ఒక్కో చాసిస్ మీద టంగుమని కొట్టి, తల కాస్త వంచి వినేది. పగులున్న ఇనుము ఒకలా పలుకుతుంది, అతుకు పడిన ఇనుము ఇంకోలా పలుకుతుంది. రేణిగుంట నుంచి శ్రీకాళహస్తి పోయే రోడ్డు పక్కనున్న మునిరత్నం లారీ యార్డు అంటే, చిత్తూరు నుంచి వేలూరు దాకా తెలియని డ్రైవరు లేడు. పేరు వాళ్ల నాయనది. చెవి మాత్రం లోకేశ్వరిది. ఇరవై ఐదేళ్లుగా ఆమె విని, సరే అంటేనే మునిరత్నం పాత లారీ కొనేవాడు.

అయినా బేరానికి వచ్చినవాళ్లు ఆమె చెప్పిందంతా విని, మొహం పక్కకు తిప్పి ఆమె తమ్ముడు ధర్మేంద్రను అడిగేవాళ్లు. "ఏమప్పా, ఇంజిను బాగుండాదా?"

ఆఫీసు గదిలో ఫోను చూసుకుంటున్న ధర్మేంద్ర తల ఎత్తకుండా "బాగుండాది" అనేవాడు. అప్పుడు వాళ్లకు నమ్మకం కుదిరేది. లోకేశ్వరి పళ్లు బిగించి, పక్క లారీ దగ్గరికి పోయేది.

ఆ యార్డులో అమ్ముడైన లారీలకు ఒక అలవాటు ఉండేది. పదేళ్లో పదిహేనేళ్లో ఊళ్లు తిరిగి, ఇక పనికిరాదని యజమాని ఏ పెట్రోలు బంకు వెనకాలో వదిలేశాక, అవి తమంతట తాము యార్డుకు వచ్చేసేవి. డ్రైవరు ఉండడు, క్లీనరు ఉండడు. ఎడమ పక్కన, నెమ్మదిగా, ఎవరినీ తొందరపెట్టకుండా వచ్చేవి. టోలుగేటు వాళ్లు కడ్డీ ఎత్తేవాళ్లు. రేణిగుంట కూడలిలో కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టి బస్సులు ఆపేవాడు. యజమానులు ముందే ఫోను చేసేవాళ్లు. "మునిరత్నం అన్నా, మీ బండి పొద్దున బయల్దేరినాది. మధ్యాహ్నానికి వస్తాది, సూసుకోండి." మునిరత్నం గేటు దగ్గర నిమ్మకాయతో నిలబడేవాడు. లారీ లోపలికి వచ్చి, వెనక వరసలో తన చోటు తాను చూసుకుని ఆగిపోయేది. ఒకసారి ఇల్లు చేరాక మళ్లీ తనంతట తాను కదిలేది కాదు. మెకానిక్ ఇమ్మానుయేలు, లోకేశ్వరి కలిసి దాన్ని విప్పి, బాగు చేయగలిగితే చేసేవాళ్లు. అట్లా రెండో ఆయుష్షు పట్టుకుని మళ్లీ రోడ్డెక్కినవి చాలా ఉన్నాయి.

ఇల్లు గుర్తుపెట్టుకునే బండి మంచి బండి అని రవాణావాళ్ల లెక్క. జనం ఆ యార్డుకే రావడానికి కారణం అది.

లోకేశ్వరికి ఇరవై మూడేళ్లప్పుడు నగరి నుంచి మరమగ్గాలవాళ్ల సంబంధం వచ్చింది. పిల్లవాడు ఆమెకు నచ్చాడు కూడా. సరిగ్గా ఆ వారమే మునిరత్నం మదరాసులో పాత లారీల వేలానికి పోవాల్సి వచ్చింది. "నువ్వు లేకుంటే నేను చెవిటోణ్ని గదమ్మా. ఈ ఒక్క సీజను పోనీ" అన్నాడు. ఆమె పొంగిపోయి ఆగింది. తర్వాత వచ్చిన ప్రతి సంబంధానికీ ఒక సీజను అడ్డం వచ్చింది. ముప్పై ఐదు దాటాక సంబంధాలే రావడం మానేశాయి. ఆమె పెద్దగా బాధపడలేదు. యార్డు ఉంది కదా అనుకుంది. హెవీ లైసెన్సు తీసుకుంది. అమ్మిన ప్రతి లారీనీ తానే గేటు బయటికి తోలి, మెయిన్ రోడ్డు మీద కొన్నవాడి చేతికి తాళం ఇచ్చేది.

కిందటేడు జూన్‌లో ఒక ఉదయం ఆమె సుత్తి పట్టుకుని దిగేసరికి వెనక వరసలో నిప్పురవ్వలు ఎగురుతున్నాయి. నలుగురు మనుషులు గ్యాసు కట్టరుతో ఒక పాత లేలాండు కేబినును కోస్తున్నారు. డోరు అప్పటికే కింద పడి ఉంది.

ఆమె పరుగున పోయి సిలిండరు వాల్వు తిప్పేసింది. "ఎవురు మీరు? ఎవురు కొయ్యమన్నారు?"

"ఓనరు చెప్పినాడు మా" అన్నాడు కట్టరు పట్టుకున్నవాడు.

"ఓనరు ఎవురు?"

వాడు ఆఫీసు గది వైపు చూపించాడు. ధర్మేంద్ర వస్తున్నాడు, చేతిలో ప్లాస్టిక్ కవరుతో. "అక్కా, నీకు చెప్దామనే అనుకుంటా ఉండాను. ఈ స్థలం గోడౌను కంపెనీ వాళ్లకు ఇస్తా ఉండాం. వెనక వరస ఖాళీ చెయ్యాల. ముందర వరస బండ్లు ఎట్లనో అమ్మేస్తాం."

"ఇవి వచ్చిన బండ్లురా. ఇంటికి వచ్చిన బండ్లు."

"ఇనుమే గదక్కా."

అతను కవరులోంచి కాగితం తీశాడు. దాన పత్రం. యార్డు మొత్తం ధర్మేంద్ర పేరున రాసి ఉంది. కింద నాయన సంతకం. తేదీ చూసింది. మూడేళ్ల కిందటిది. ఆ మూడేళ్లలో ఆమె రోజూ పొద్దున్నే లేచి, తమ్ముడి యార్డులో తమ్ముడి లారీలు వింటూ తిరిగిందన్నమాట. సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు పోతున్నామని కాదు, అలిపిరికి పోతున్నామని చెప్పి నాయన, తమ్ముడు ఇద్దరూ బయల్దేరిన రోజు ఆమెకు గుర్తొచ్చింది. ఆ రోజు వాళ్లకు పులిహోర కట్టి ఇచ్చింది తనే.

మునిరత్నం ఆఫీసు ముందు లారీ సీటు ఒకటి వేసుకుని కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. చెవులు, కళ్లు బాగానే ఉన్నాయి. జరిగిందంతా చూస్తూనే ఉన్నాడు. ఆమె పోయి ఎదురుగా నిలబడింది.

"నాయనా, ఇది నువ్వు రాసిందేనా?"

"కూర్చోమ్మా."

"నిలబడే అడగతా ఉండాను. నువ్వు రాసిందేనా?"

"వానికి పిల్లోళ్లు ఉండారు. నీకు ఎవురుండారు చెప్పు? నీకు ఈడ గది ఉండాది, కూడు ఉండాది. వాడు నిన్ను యాడికన్నా పొమ్మంటాడా?"

"నాకు ఎవురూ లేకుండా చేసిందెవురు నాయనా?"

మునిరత్నం, "ఆడబిడ్డ పేరున లారీల యార్డు యాడన్నా రాస్తారా మా? ఊర్లో నగుతారు" అన్నాడు.

లోకేశ్వరికి చేతిలో సుత్తి ఉన్న సంగతి అప్పుడు తెలిసింది. దాన్ని ఆయన సీటు పక్కన మట్టిలో బలంగా విసిరికొట్టింది. వెనక మళ్లీ కట్టరు వెలిగింది. ఆ చప్పుడు వింటూ ఆమె గదిలోకి పోయి, నాలుగు చీరలు, లైసెన్సు సంచిలో వేసుకుంది. మరదలు కోమలి గుమ్మం దగ్గర అడ్డం నిలబడి, "వదినా, కోపంలో పోవద్దు. నాలుగు దినాలు పోతే అంతా సర్దుకుంటాది" అంది.

"నా కోపం సర్దుకునేది కాదు కోమలీ. జరుగు."

ఆ రోజు ఏడు లారీలు కోశారు. ఏడూ నమ్మి వచ్చినవే. ఇల్లు చేరినందువల్ల ఒక్కటీ కదల్లేదు.

ఇమ్మానుయేలు కూడా ఆ సాయంత్రమే పని మానేశాడు. అతని బావమరిదికి ఏర్పేడు దగ్గర, అదే రోడ్డు మీద, మూతబడిన ఇటుకల బట్టీ ఒకటి ఉంది. రేకుల కొట్టం, బోరు, ముందు విశాలంగా ఎర్రమట్టి నేల. "ఈడ ఉండు మా. ఇద్దరం రిపేర్లు చేసుకుందాం" అన్నాడు. ఆమె ఉంది.

రిపేర్లు రాలేదు. ట్రాక్టర్లు రెండు, ఆటో ఒకటి వచ్చాయి, అంతే. లారీవాళ్లు ఎవరూ ఆగలేదు. ఎందుకో ఇమ్మానుయేలే తెలుసుకుని వచ్చాడు. ధర్మేంద్ర టీ కొట్ల దగ్గర చెబుతున్నాడట, అక్కకు మతి సరిగా లేదు, సుత్తి తీసుకుని నాయన మీదికే పోయింది అని.

ఆ మాట విన్నరోజు ఆమె అన్నం తినలేదు. బట్టీ గోడలో మిగిలిన ఇటుకల్ని ఒక్కొక్కటే తీసి, నేలకేసి కొట్టింది. చేతులు రేగిపోయి రక్తం వచ్చేదాకా కొట్టింది. ఇమ్మానుయేలు ఆపలేదు. అంతా అయ్యాక నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

నాయన ఫోను చేసేవాడు. ఆమె తీసేది కాదు. ఒక్కసారి తీసి, "నేను చస్తే చెప్తారు, అప్పుడు రా" అని పెట్టేసింది. తర్వాత ఆ మాటకు సిగ్గుపడింది కానీ, మళ్లీ ఫోను చేసి వెనక్కి తీసుకోలేదు.

అక్టోబరు నెల. వాన వెలిసిన మధ్యాహ్నం. లోకేశ్వరి ఒక ట్రాక్టరు కింద పడుకుని బోల్టు విప్పుతోంది. నేల మీద ఆనించిన వీపుకు ఏదో అదురు తెలిసింది. రైలు కాదు. ఆమె స్పానరు ఆపింది. దూరంగా, రేణిగుంట వైపు నుంచి, మూడో గేరులో కొంచెం గొంతు కీచుమనే ఇంజిను. మరీ పాత బండి. ముక్కు లారీ.

ఆ లారీ మీదే ఆమె స్టీరింగు నేర్చుకుంది. పద్దెనిమిదేళ్ల కిందట దాన్ని నగరిలో నూలు బేళ్లు తోలే దామోదరం కొన్నాడు. ఆ రోజు మెయిన్ రోడ్డు మీద తాళం ఇస్తూ, "మూడో గేరుకు బలవంతం చేయొద్దన్నా, అదే పడతాది" అని చెప్పి, వెనక్కి నడిచి వస్తూ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ట్రాక్టరు కింద నుంచి బయటికి పాకి నిలబడేసరికి లారీ కనిపించింది. ముందు పొడుచుకు వచ్చిన బానెట్టు, రంగుపోయిన చెక్క కేబిను, ఒక్కటే హెడ్‌లైటు. స్టీరింగు దగ్గర ఎవరూ లేరు. దాని వెనకే ధర్మేంద్ర మోటారు సైకిలు హారను కొట్టుకుంటూ వస్తోంది. వెనక సీటు మీద మునిరత్నం, ఒడిలో నిమ్మకాయల సంచి.

లారీ ఎడమ ఇండికేటరు వేసింది. రోడ్డు దిగి, ఎర్రమట్టి మీద మెల్లగా వచ్చి, లోకేశ్వరికి మూరెడు దూరంలో ఆగింది. ఇంజిను ఒకసారి వణికి, ఆరిపోయింది.

ఆమె బానెట్టు మీద చెయ్యి పెట్టింది. కాలుతోంది. అయినా తీయలేదు.

ధర్మేంద్ర బండి పక్కన పడేసినట్టుగా నిలిపి దిగాడు. "ఇది మాది. దామోదరం పొద్దున మా యార్డుకే ఫోను చేసినాడు. గేటు తెరిచి పెట్టుకుని నిలబడుకుంటే, నిలపకుండా పోతాదా?"

"నిలిపి సూడలేదా?" అన్నాడు ఇమ్మానుయేలు.

"అడ్డం నిలబడినా. నన్ను పక్కకు జరిపి వచ్చేసినాది."

"సరే, తోలుకుపో" అంది లోకేశ్వరి.

ధర్మేంద్ర ఎక్కి తాళం తిప్పాడు. తిప్పాడు, మళ్లీ తిప్పాడు. గేరు లాగాడు. చెమటలు కారాయి. ఇల్లు చేరిన బండి కదలదని అతనికీ తెలుసు. తెలిసీ ఇంకో పదిసార్లు తిప్పాడు. చివరికి స్టీరింగు మీద గుద్ది, "కోర్టుకు పోతా" అన్నాడు.

"పో. జడ్జి ముందర బండి నిలబెట్టి, నీ ఇల్లు ఏదని అడగమను. ఇప్పుడు దిగు."

"అక్కా..."

"నేను కోపంలో ఏం చేస్తానో టీ కొట్టు కాడ అందరికీ చెప్పినావు గదా. దిగు."

అతను దిగాడు.

మునిరత్నం లారీ ముందు నిలబడి ఉన్నాడు. ఏళ్ల తరబడి గేటు దగ్గర నిలబడి ఎదురుచూసిన మనిషి. ఆయన మొహం చూస్తే ఎవరో దారిలో ఆపి నువ్వెవరని అడిగినట్టుంది.

"నా దగ్గరికి వస్తా ఉండాయి అనుకుంటినమ్మా, ఇన్ని దినాలు" అన్నాడు.

లోకేశ్వరి కొట్టంలో నుంచి స్టూలు తెచ్చి వేసింది. చెంబుతో నీళ్లు ఇచ్చింది. ఆయన తాగాడు. నీళ్లు గడ్డం మీదుగా కారాయి.

"నేను పత్రం రద్దు చేయిస్తాను. లాయరును అడగతాను" అన్నాడు.

"వద్దు."

"మరి ఈడ నాకు రోంత సోటు ఇస్తావా మా? వాళ్లు గోడౌను కడతా ఉండారు. యార్డులో బండి ఒకటి లేదు. పొద్దున లేస్తే ఏం సూడాల్నో తెలియడం లేదు."

ఆమె చాలాసేపు నాయన కాళ్ల వైపు చూసింది. పాత చెప్పులు, మట్టి. జాలి వచ్చింది. వచ్చిన జాలిని చూసి ఇంకా కోపం వచ్చింది.

"లేదు నాయనా. మూడేళ్లు నా చేతి కూడు తింటా నాకు చెప్పలేదు నువ్వు. కాగితం సంగతి నేను ఎప్పుడన్నా మరిసిపోతానేమో. అది మాత్రం మరిసిపోలేను. అప్పుడప్పుడు రా, బండ్లు సూసుకుని పో. ఉండేదానికి మాత్రం రావద్దు."

మునిరత్నం తల ఊపాడు. నిమ్మకాయల సంచి స్టూలు మీద పెట్టి, కొడుకు భుజం పట్టుకుని లేచాడు.

ఇంతలో లోకేశ్వరి ఫోను మోగింది. దామోదరం. నగరి నుంచి. "అమ్మా, బండి రేణిగుంటలో ఆగలేదంట గదా. మీ దగ్గరికి చేరినాదా?"

"చేరినాదన్నా."

"అయితే సరిపోయ. నాకు ఇంకో బండి కావాల. రేపు పొద్దున్నే వస్తా ఉండాను, మీరే విని చూపించాల. మా బావకు కూడా ఒకటి కావాలంట. వాళ్ల పాత బండి ఇందాకే పుత్తూరులో బయల్దేరినాదంట, అదీ మీ తట్టే వస్తా ఉండాదేమో సూడండి."

ఆమె ఫోను పెట్టేసి, ఇమ్మానుయేలును పిలిచింది. "ఆ ఇటుకల గుట్ట అంతా పక్కకు తియ్యాల. ఇంకో బండికి సోటు కావాల. ముందు దీని రేడియేటరు విప్పు."

ఇమ్మానుయేలు స్పానర్లు తేవడానికి పోయాడు. లోకేశ్వరి ముక్కు లారీ బానెట్టు కొక్కేలు తీసి, రెండు చేతులా పైకెత్తింది. వెనక మోటారు సైకిలు రెండుసార్లు మొరాయించి, మూడోసారికి స్టార్టయింది. ఆమె తల తిప్పలేదు. ఇంజిను మీదికి వంగి, చెవి ఆనించింది.