అత్త వేసిన మొదటి గింజ

మా ఆయన ఓచోలా పడవతో సహా సరస్సులో మునిగిపోయాక, నాకు మిగిలినవి లెక్క వేసుకున్నాను. ఒమేనా చేపలు ఆరబెట్టే పాత వల, సంతలో ఒక బల్ల, కొండ కింద చిన్న పొలం, ఆయన తల్లి. పోయినవాటి లెక్క వేయలేదు. దానివల్ల లాభం లేదు.

మా లువో తెగ ఇళ్లలో పెద్దావిడ మొదటి గింజ వేస్తేగాని మిగతావాళ్లు నాటకూడదు. మొగుడు పోయిన ఆడది అతని వంశంలోని మగవాణ్ణి గుడిసెలోకి రానివ్వకుండా పొలం నాటితే చిరా అనే శాపం తగులుతుందంటారు. చిరా తగిలితే ఒళ్లు ఎండిపోయి చస్తారు. అది పిల్లలతో మొదలవుతుందట. మరిది ఒటువోమా ఆ మాట గుర్తుచేయడానికి రోజూ వచ్చేవాడు. నేను రోజూ కాదనేదాన్ని. చివరికి అత్తను గింజ ముట్టవద్దన్నాడు. పక్కవాళ్ల చేలలో మొలకలు లేస్తుంటే మా నేల, అతని నేల కూడా నల్లగా పడి ఉన్నాయి. నిండు చూలాలైన అతని భార్య నన్ను చూస్తే పొట్టకు చెయ్యి అడ్డం పెట్టుకునేది. సంతలో నా బల్ల దగ్గర ఎవరూ ఆగడం లేదు.

అత్తకు చదువు రాదు. మధ్యాహ్నాలు బైబిలు చదవమనేది. నేను రూతు కథ ఎంచుకున్నాను. మగదిక్కు పోయిన అత్తాకోడళ్లు వట్టి చేతులతో ఊరు చేరతారు. కోతల చేలో రూతు పరిగె ఏరుతుంది. అక్కడ పుస్తకం మూసేశాను. తర్వాత వచ్చేది నాకు నష్టం. అయినా అంతవరకు చదివిన పూట నాకు ముద్ద దిగేది. వట్టి చేతులతో కూడా మొదలుపెట్టవచ్చన్నమాట.

ఒక రోజు సరస్సు మీద మబ్బు గోడలా లేచింది. గాలి లేదు. నా గుమ్మం ముందు కోడి చచ్చి పడి ఉంది. ఒంటి మీద గాయం లేదు. ఒటువోమా దాన్ని కాలితో కదిపాడు.

"మొదలైంది వదినా. ఇది కోడితో ఆగదు."

"నీ కోళ్లు చావడం మానేశాయా మరిదీ?"

"వేళాకోళం వద్దు. నా పెళ్లాం నేడో రేపో కంటుంది." అతను తన ఇంటి వైపు తిరిగి చూశాడు. అది నటన కాదు. "ఆ రూతును చివరికి చేసుకున్నది మొగుడి బంధువేనట. పాస్టరు చెప్పాడు. అమ్మకు అదెందుకు చదవలేదు?"

అత్త నా వైపు తిరిగింది. ఆమె నన్ను నా పుట్టింటి ఊరి పేరుతోనే పిలుస్తుంది. "ఉందా, అసెంబో పిల్లా?"

"ఉంది అత్తా."

"దాచావా?"

"అమ్మేవాళ్లు అడుగున ఉన్న చేపలు చూపించరు అత్తా."

"నాకే అమ్ముతావటే? చదువు."

చదివాను. రూతు చేను ఆసామి కళ్లానికి వెళ్లింది. అతను ఆమె మొగుడి బంధువు. అతనికన్నా దగ్గరి బంధువు తనకు నష్టమని తప్పుకుంటే, అతనే రూతును చేసుకున్నాడు. చివరికి వాళ్ల బిడ్డ రూతు అత్త ఒళ్లోకి వచ్చాడు. దూరంగా ఉరిమింది.

"ఆ పిల్ల దగ్గరికి ఆ ఆసామి తనంతట తానే వచ్చాడా?" అంది అత్త.

"లేదు. ఆమే వెళ్లి అడిగింది."

"అత్త పంపితే వెళ్లింది," అన్నాడు ఒటువోమా. "నువ్వూ పంపమ్మా."

"ఇది ఎవణ్ణయినా మెచ్చిన రోజున పంపుతాను. నిన్ను అడగలేదు కదరా."

అత్త గింజల బుట్ట, పార తీసుకుని నా పొలంలోకి నడిచింది. ఒటువోమా అడ్డంగా నిలబడ్డాడు.

"చిరా తగులుతుందమ్మా."

"మొదట వేసిన చేతికి తగలనీ. నీ బిడ్డ దాకా రావాలంటే నన్ను దాటి రావాలి. జరుగు."

నేను లెక్క వేశాను. ఈ ముసలిది మంచాన పడినా, ఆ బిడ్డ దక్కకపోయినా నా గుడిసెకు నిప్పు పెడతారు. ఇటువైపు తూచడానికి మట్టిలో ఒక జొన్న గింజ. ఇలాంటి బేరం ఎప్పుడూ చేయలేదు. ఇంకో పార అందుకుని ఆమె వెనకే వెళ్లాను. వాన మా ఇద్దరినీ తడిపి ముద్ద చేసింది.

మొలకలు లేచిన ఉదయం ఒటువోమా ఇంట్లో ఆడపిల్ల ఏడుపు వినబడింది. గట్టి గొంతు. కాసేపటికి అతను గింజల బుట్టతో వచ్చి గట్టు అవతల తన పొలంలో నాటడం మొదలుపెట్టాడు.

అత్త ఆ వానలో పట్టుకున్న దగ్గు ఇంకా తగ్గలేదు. ఆమె దగ్గినప్పుడల్లా, గట్టుకు ఇటు నేను, అటు అతను, పని ఆపి ఆమె వైపు చూస్తున్నాం.