లెసోతో ఓటు

ఆ శనివారం అమెరికాలో మేముండే క్యారీలో మా అమ్మాయి అనిక చదివే హైస్కూల్ ఆడిటోరియంలో ప్రపంచ దేశాలన్నీ కొలువుదీరాయి. పిల్లలు కోట్లు తొడుక్కుని, ఒక్కొక్కరూ ఒక్కో దేశం తరఫున వాదించే పోటీ అది. మోడల్ యూఎన్ అంటారు. మాకు తెలిసిన ఉదయ్ గారి అబ్బాయి రోహన్‌కి అమెరికా వచ్చింది. అనికకి లెసోతో. నాలుగు వైపులా దక్షిణాఫ్రికాయే ఉన్న బుల్లి దేశం, అడకత్తెరలో పోకచెక్క. ఇంకేదీ దొరకలేదా అని నేనే మొహం చిట్లించాను.

అనిక మాత్రం వారాల తరబడి ఆ దేశంతోనే కాపురం చేసింది. అణ్వాయుధాలను పూర్తిగా నిషేధించే ఒప్పందం మీద లెసోతో సంతకం పెట్టిందట, ఆ తర్వాత ఆమోదించిందట.

"బాంబ్ ఉన్నవాళ్ళు ఎవ్వరూ సైన్ చెయ్యలేదమ్మా. లేనివాళ్ళే చేశారు," అంది ఒకరోజు అన్నం తింటూ.

"లేనివాళ్ళు పెడితే ఏం లాభమే?"

"బాంబ్ పడితే ఆ గాలి వాళ్ళ మీదకి కూడా వస్తుంది కదా."

పప్పు వడ్డించాను.

అన్ని దేశాలూ ఆ ఒప్పందంలో చేరాలన్నదే ఆ రోజు తీర్మానం. దాన్ని ఓడించడం రోహన్ పని. విరామానికల్లా రెండు వైపులా తలలు లెక్కపెట్టుకున్నారు. లెసోతో అవునంటే తీర్మానం నెగ్గుతుంది. ఎటూ ఓటెయ్యకుండా ఊరుకుంటే ఓట్లు సమానమై వీగిపోతుంది.

ఉదయ్ గారు సమోసా ప్లేటుతో వచ్చి నా పక్కన కూర్చున్నారు. మా ఆయన సృజన్‌కి ఉద్యోగం పోయింది. ఇక్కడ పుట్టింది అనిక ఒక్కతే, మేమిద్దరం వీసా మీద ఉన్నవాళ్ళం. త్వరగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే సామాను సర్దుకోవాల్సిందే. ఉదయ్ గారి కంపెనీలో ఒక ఖాళీ ఉంది.

"సృజన్ రెజ్యూమె సోమవారం మా వీపీకి ఫార్వర్డ్ చేద్దామనుకుంటున్నా రేణు గారూ," అన్నారాయన. సమోసా తుంచుకుని మళ్ళీ అందుకున్నారు. "రోహన్‌కి ఇదే లాస్ట్ ఛాన్స్. కాలేజ్ అప్లికేషన్‌లో బెస్ట్ డెలిగేట్ అవార్డ్ అని పడాలి. అనికని అబ్‌స్టెయిన్ చెయ్యమనండి. ఎదురు వెయ్యమనట్లేదు, ఊరికే ఉండమంటున్నా. లెసోతో ఎక్కడుందో ఎవడికి తెలుసండీ?"

బెదిరించలేదు, నవ్వుతూనే అన్నారు. ఆ రెండు మాటలనీ పక్కపక్కన పెట్టడమే ఆయన తెలివి. నాకు ఒళ్ళు మండింది. సోమవారం గుర్తొచ్చి ఆ మంట చల్లారింది.

"రోహన్ ఆల్రెడీ అడిగాడు. అమ్మ ఏమంటే అది అందట," అన్నారు.

పేర్లు పిలవడం మొదలైంది. ఒక్కో దేశమూ లేచి తన ఓటు చెబుతోంది. లెసోతో అని వినబడగానే అనిక లేచి, వెనక్కి తిరిగి నా వైపు చూసింది. దాని మొహంలో రంగు లేదు.

"సరేనా మరి?" అన్నారు ఉదయ్ గారు నెమ్మదిగా.

నా తల దానంతటదే ఊగింది. అటూ ఇటూ, మన ఊపుడే, అలాగేలెండి అన్నట్టు. అనిక చూసింది. ముందుకు తిరిగింది.

"లెసోతో ఓట్స్ ఎస్."

హాలంతా చప్పట్లు. ఉదయ్ గారు ప్లేటు కింద పెట్టేశారు. నా మాట వినలేదే ఈ పిల్ల అని నాకు కోపం, ఇక ఇల్లు ఏమవుతుందోనని భయం. రెంటిలో ఏది ఎక్కువో చెప్పలేను.

పార్కింగ్‌లో అనిక పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది.

"థ్యాంక్యూ అమ్మా. నాన్న జాబ్ వాళ్ళ డాడీ చేతిలో ఉందని రోహన్ చెప్పాడు. నేను అబ్‌స్టెయిన్ చేసేద్దాం అనుకున్నా. బట్ నువ్వు వద్దని తల ఊపావ్."

ఇక్కడ పుట్టిన పిల్ల. తల అడ్డంగా కదిలిందంటే, ఆ దూరం నుంచి దానికి వద్దనే కనబడింది.

ఇంతలో ఉదయ్ గారు కారు దగ్గరి నుంచి వచ్చారు, వెనకాల రోహన్.

"అదేంటి రేణు గారూ, మీరు సరే అన్నారు కదా?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పిల్ల పొరపాటు పడిందండీ అని నవ్వేస్తే చాలు, ఆయనా నవ్వేస్తారు, సోమవారం దక్కుతుంది. అనిక నా చెయ్యి వదల్లేదు. నా మొహంలోకే చూస్తోంది.

"లేదండీ," అన్నాను, తల కదలనివ్వకుండా. "వద్దనే చెప్పాను."