అద్దం మనిషి

అద్దం మీద పేరుకున్న చెమ్మను అతను తువ్వాలు కొసతో మూడోసారి తుడిచాడు. మబ్బు మాత్రం కదలలేదు. లోయకు అవతలి శిఖరం మీద కొలతల అధికారి దుర్భిణి పెట్టుకుని కూర్చుని ఉంటాడు. ఇక్కడ అద్దంలో ఎండ తళుక్కుమంటే, ఆ వెలుగుకు గురిపెట్టి కోణం రాసుకుంటాడు. రాసుకున్నాక రెండు తళుకులు పంపుతాడు. అవి వచ్చేదాకా అద్దం మనిషి కొండ దిగకూడదు. దిగితే, ఏ వాన చుక్క ఏ నదికి పోతుందో చెప్పే గీత పటంలో ఇక్కడే తెగిపోతుంది. మంచు కురిసే కాలం దగ్గరపడింది. ఇవాళ పదకొండో రోజు.

కింద గుడారాల్లో వంట చేసే బావమరిది, నీళ్ల కుండ మోసుకుంటూ ఆయాసంగా ఎక్కి వచ్చాడు.

"ఏం బావా, ఆ కొండకి ఇంకా కన్ను కొడుతూనే ఉన్నావా? అది పలికే రకం కాదు గానీ, పద దిగుదాం."

నవ్వబోతే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. బావమరిది అతని నుదురు తాకి చూశాడు.

"ఒళ్లు పెనంలా కాలిపోతోంది కదయ్యా!"

"ఇప్పుడు దిగితే ఇన్నాళ్ల పనీ బూడిదలో పోసిన పన్నీరే. రేపు రా."

"నీ మొండితనం తగలెయ్య! రేపు ఇద్దరు మనుషుల్ని తెచ్చి మోసుకుపోతా. అప్పుడు కాదంటే ఊరుకోను."

బావమరిది వెళ్లిపోయాక గాలి ఒక్కటే మిగిలింది.

ఇరవై రెండేళ్లుగా ఇదే పని. అతని వెలుగును చూసినవాళ్లు చాలామంది. మొహం చూసినవాళ్లు తక్కువ. భార్య పోయినప్పుడు కూడా ఇలాంటి శిఖరం మీదే ఉన్నాడు. కబురు అందేసరికి నెల దాటింది. ఆ నెలంతా ఆమెకు చెప్పాలని కబుర్లు పోగేసుకుంటూనే ఉన్నాడు.

పొద్దు వాలుతుండగా మబ్బు చీలింది. అతను మోకాళ్ల మీద కూర్చుని అద్దం తిప్పాడు. సూర్యుడు ఆగడు కనుక అద్దాన్ని వెంట్రుకవాసి చొప్పున జరుపుతూనే ఉండాలి. గురి తప్పకుండా మోచేతులు రాతికి ఆనించాడు. చాలాసేపటికి అవతల ఒక తళుకు. ఆ వెంటనే మరొకటి.

"కనిపించానన్నమాట," అన్నాడు పైకే.

ఇక నీళ్లు దాచుకోవలసిన పని లేదు. రేపు దిగేటప్పుడు వేసుకోవాలని, కుండలో నీళ్లన్నీ పోసి చొక్కా ఉతుక్కున్నాడు. కంబళి కప్పుకుని రాతికి చేరగిలబడ్డాడు.

పొద్దున బావమరిది మనుషులతో వచ్చి, "లే బావా," అని భుజం పట్టుకుంటే తల పక్కకు వాలింది.

అవతల బండ మీద, గాలికి ఎగిరిపోకుండా రెండు చేతుల మీదా రాళ్లు పెట్టి ఆరేసిన చొక్కా, మంచుకు రేకులా బిగుసుకుపోయి ఉంది.