డాక్టర్ వస్తోంది, తేలిగ్గా రా

ఆ మెసేజ్ సోమవారం పొద్దున, బేసిల్ అడోనిస్ పళ్ళు తోముకుంటుండగా వచ్చింది. పంపింది ఆబ్రీ, ఇంటిపేరు సెప్టెంబర్. పద్నాలుగు నెలలుగా ఉలుకూ పలుకూ లేని మనిషి. బేసిల్ నోట్లో నురగతోనే మూడుసార్లు చదివాడు.

"శనివారం మధ్యాహ్నం మూడింటికి డాక్టర్ వస్తోంది. రా. తేలిగ్గా రా."

అంతే. పలకరింపు లేదు, బాగున్నావా లేదు.

కేప్ టౌన్‌లో పుట్టినవాడెవడూ డాక్టర్ అంటే ఏమిటని అడగడు. వేసవిలో ఆగ్నేయం నుంచి వచ్చి ఊళ్ళో పొగనీ దుమ్మునీ రోగాల్నీ ఊడ్చి సముద్రంలో పారబోసే గాలి అది. తాతల నాటి నుంచీ దాని పేరే డాక్టర్. ఇక స్ట్రాండ్‌ఫంటెయిన్ మైదానంలో రిమోట్ విమానాలు ఎగరేసే క్లబ్బువాళ్ళకైతే వేరే డాక్టరే లేడు. "డాక్టర్ వచ్చిందా ఇవాళ?" అని అడక్కుండా ఒక్కడూ విమానాన్ని బండిలోంచి దించడు.

అందుకని మొదటి ముక్క బేసిల్‌కి ఇట్టే అర్థమైంది. రెండో ముక్కే కొరుకుడు పడలేదు. తేలిగ్గా రా అంటాడేమిటి, ఆబ్రీ?

వాళ్ళిద్దరూ చెడింది అక్కడే మరి. గాలిలో ఎగిరే విమానానికి బరువుండాలని ఆబ్రీ, తేలిగ్గా ఉండాలని బేసిల్, ముప్పయ్యేళ్ళు కొట్టుకున్నారు. కొట్టుకుంటూనే ఒకే ఫ్లాస్కులో టీ తాగారు. పోయినేడాదికి ముందు నవంబరులో, క్లబ్బు పోటీ రోజున, ఆబ్రీ ఒక విమానం తెచ్చాడు, దాని ముక్కులో సీసం ముక్కలు పోసి. నాలుగు నెలలు కూర్చుని కట్టుకున్నాడు పాపం. బేసిల్ దాన్ని చేతిలో తూచి, నలభై మంది వింటుండగా, "ఇది విమానమా, ఇస్త్రీపెట్టా?" అన్నాడు. జనం ఘొల్లుమన్నారు. ఆబ్రీ నవ్వలేదు. విమానం సంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ మైదానం మొహం చూడలేదు.

తప్పు తనదేనని బేసిల్‌కి తెలియకపోలేదు. తెలిసినంత మాత్రాన ఒప్పేసుకుంటామా! క్షమించమని అడిగే నోరు కాదది. కానీ ఆ పద్నాలుగు నెలల్లో ఒక్క శనివారం కూడా అతనికి టీ రుచించలేదు. స్నేహితుడు కావాలి, క్షమాపణ మాత్రం చెప్పకూడదు. మొండిఘటం.

"ఇదేమిటి యూనా? ఓడిపోయానని ఒప్పుకుంటున్నాడా? లేక తేలికది తీసుకురా, పదిమందిలో నీ పరువు తీస్తా అంటున్నాడా?" అని భార్యని అడిగాడు.

యూనా పిండి కలుపుతోంది. "ఫోన్ చేసి అడగరాదూ? నీ వేళ్ళేం అరిగిపోతాయా?"

"నేనా? ముందు నేను చెయ్యాలా? ఛస్తే చెయ్యను."

"అయితే చావు. నాకెందుకు చెబుతున్నావు?"

చివరికి "వస్తా" అని ఒక్క మాట కొట్టి పంపాడు. ఆ ఒక్క మాట కొట్టడానికి పావుగంట పట్టింది.

ఆ సాయంత్రమే మూడు మిల్లీమీటర్ల ఫోమ్ షీట్లు తెచ్చి వంటింటి బల్లమీద పరిచాడు. అసలు తికమక అక్కడ మొదలైంది. తేలికదాన్ని గాలి ఎండుటాకులా విసిరేస్తుంది, నిజం. బరువైనది గాలిని చీల్చుకుపోతుంది, అదీ నిజం. కానీ బరువైనది కింద పడితే ముక్కలౌతుంది, తేలికది పడినా దులుపుకుని లేస్తుంది. ముప్పయ్యేళ్ళు ఒక పక్క నిలబడి అరిచిన మనిషికి, ఎదురుగా అరిచేవాడు లేకపోయేసరికి, రెండో పక్క కూడా సబబుగానే కనిపించసాగింది. ఇదెక్కడి గొడవరా బాబూ అనుకున్నాడు. ఒక రాత్రి నిద్రలో లేచి, "బరువే రైటేమో" అన్నాడట. యూనా దిండు తీసి మొహాన కొట్టింది.

చివరికి ఒక దారి దొరికింది. రెక్కలు పొట్టిగా, పల్చగా, గాలికి పట్టు దొరక్కుండా. వాటి బిగువుకి ఒక్క కార్బన్ పుల్ల. చక్రాలు వద్దు, చేత్తో విసిరితే చాలు, దిగేటప్పుడు గడ్డిలో పొట్టమీద దిగుతుంది. మోటారు మాత్రం ఒక సైజు పెద్దది. ముక్కు బరువు కోసం సీసం పోసే పని లేకుండా బ్యాటరీనే ముందుకి జరిపాడు. యూనా పిండి తూచుకునే కాటా ఎత్తుకొచ్చి తూస్తే నాలుగు వందల పది గ్రాములు. స్క్రూలు పీకి టేపు వేశాడు. వైర్లు కురచ చేశాడు. ఎక్కువైన జిగురు బ్లేడుతో గీకాడు. మూడు వందల నలభై. టేబుల్ ఫ్యాను ముందు పట్టుకుంటే చేతిలో బతికున్న పిట్టలా కొట్టుకుంది. ఆబ్రీ దీన్ని చూస్తే ఏమంటాడో అని ముసలాడు మళ్ళీ ఒకసారి తూచాడు.

శుక్రవారం యూనా ఫోను చూసి చెప్పింది: "రేపు గాలే లేదంటోందయ్యా ఇది."

"ఫోనుకేం తెలుసు? ఆబ్రీ వస్తోందన్నాడంటే వస్తోంది. వాడు ముక్కుతో వాసన చూసి చెబుతాడు."

శనివారం రెండున్నరకే మైదానానికి చేరాడు. గాలి లేదు. ఎక్కడా గడ్డిపోచ కూడా ఊగడం లేదు. క్లబ్బు జెండా తడిబట్టలా వేలాడుతోంది. అలాంటి రోజంటే క్లబ్బువాళ్ళకి పండగే, పదిమందిదాకా వచ్చి హాయిగా ఎగరేసుకుంటున్నారు. ఆబ్రీ జాడ లేదు.

మూడైంది. మూడుంబావైంది. బేసిల్ విమానం ఒళ్ళో పెట్టుకుని, ఆగ్నేయం వైపు మొహం పెట్టి, మడత కుర్చీలో కూర్చున్నాడు. ముందు దిగులేసింది, తర్వాత ఒళ్ళు మండింది. పిలిచి మరీ రాకుండా ఉంటాడా? ఇది పగ తీర్చుకోవడమేనా? నలభై మందిలో నవ్వించినందుకు నన్నిలా దిష్టిబొమ్మలా కూర్చోబెట్టాడా?

క్లబ్బులో ఎలక్ట్రీషియన్ కీనన్ అటు వచ్చాడు. ముప్పయ్యేళ్ళుంటాయి, నోటికి అదుపు లేదు. "ఏంటంకుల్, పొట్టి రెక్కల పిట్టతో వచ్చారు? ఎవరికోసం?"

"డాక్టర్ కోసం."

"ఇవాళ క్లినిక్కు మూసేసినట్టుందే!"

"నవ్వకురా వెధవా. ఆబ్రీ రమ్మన్నాడు. మూడింటికి డాక్టర్ వస్తోందన్నాడు."

కీనన్ నవ్వు ఆపేశాడు. "ఏ ఆబ్రీ? సెప్టెంబర్ అంకులేనా?"

"ఇంకెవరు?"

"అంకుల్, ఆయన నాలుగు నెలలుగా మంచంమీదే ఉన్నాడు కదా. కడుపులో ఏదో పుండు. మొన్న వాళ్ళింట్లో వైరింగ్ చెయ్యడానికి వెళ్తే చూశా, గుర్తుపట్టలేకపోయా. మీకు తెలుసనుకున్నాం. మీరిద్దరూ..."

బేసిల్ ఫోను తీశాడు. డాక్టర్ వస్తోంది. రా. తేలిగ్గా రా. అవే మాటలు. ఒక్క అక్షరం మారలేదు. టైము నాలుగు కావడానికి పది నిమిషాలుంది.

గ్రాసీ పార్క్ పేటలో ఆబ్రీ ఇంటిదాకా బండి ఎలా నడిపాడో అతనికే తెలియదు. తలుపు తీసింది ఆబ్రీ భార్య సిబిల్. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఇప్పుడా అన్నా రావడం? డాక్టరమ్మ ఇప్పుడే వెళ్ళింది. నీకోసం ఇరవై నిమిషాలు ఊరికే కూర్చుంది పాపం. బేసిల్ వస్తాడు, వాడొచ్చాకే చెప్పండి అని ఈయన ఒకటే పట్టు."

బేసిల్ ఆమెని దాటుకుని లోపలికి వెళ్ళాడు. మంచంమీద ఉన్న మనిషి నిండా తొంభై కిలోలుండే ఆబ్రీలో సగం కూడా లేడు.

"ఎక్కడ చచ్చావురా?" అన్నాడు ఆబ్రీ. గొంతు మాత్రం పాతదే.

"మైదానంలో."

"మైదానంలో ఏం పనిరా నీకు?"

"డాక్టర్ వస్తోందన్నావుగా."

ఆబ్రీకి ఒక క్షణం అర్థం కాలేదు. అయ్యాక మొదలైంది నవ్వు. ఎముకలు కదిలిపోయేలా నవ్వాడు, దగ్గాడు, మళ్ళీ నవ్వాడు. "ఓరి నీ దుంపతెగ! గాలనుకున్నావా? మరి తేలిగ్గా రా అంటే?"

"మూడు వందల నలభై గ్రాములు చేశా."

"నా మొహం! పాత గొడవ మోసుకురాకు, ఊరికే రా అన్నానురా. నేనేదో సాహిత్యం వెలగబెట్టానన్నమాట."

బేసిల్ మంచం పక్కన నిలబడ్డాడు. చెప్పకుండా దాచుకున్నది ఇక దాగలేదు. "ఆ రోజు నేనలా అనకూడదురా. తప్పైపోయింది."

"అదిప్పుడెందుకు? పని చూడు. ఆ డాక్టరమ్మ పోయినసారి అరగంట మాట్లాడింది. నేను తలూపాను. సిబిల్ ఏడ్చింది. ఏం చెప్పిందో మా ఇద్దరికీ తెలీదు. సౌకర్యంగా ఉంచుతాం అంటుంది. నొప్పి లేకుండా చూస్తాం అంటుంది. అంటే నయమౌతుందనా, కాదనా? అడుగుదామంటే నాకు నోరు రాదు. మా వాళ్ళంతా తగ్గిపోతుంది తగ్గిపోతుంది అంటారు. మొహమాటం లేకుండా అడిగేవాడూ, విన్నది విన్నట్టు నా మొహాన చెప్పేవాడూ నువ్వొక్కడివే. అందుకే పిలిచా."

సిబిల్ ఫోను కలిపి ఇచ్చింది. ఆబ్రీ దాన్ని అందుకుని, "డాక్టరమ్మా, నేను చెప్పిన మనిషి వచ్చాడు. నాకు చెప్పాల్సింది ఇతనికి చెప్పండి" అని బేసిల్ చేతిలో పెట్టాడు.

బేసిల్ అడిగాడు. మొదట నత్తినత్తిగా అడిగాడు, తర్వాత తిన్నగా అడిగాడు. మందు ఎందుకు? దేనికి పనిచేస్తుంది, దేనికి పనిచెయ్యదు? ఆపరేషన్ ఎందుకొద్దు? చివరికి, ఎన్నాళ్ళు? అవతలినుంచి ఆమె నెమ్మదిగా చెప్పింది. అతను వింటున్నంతసేపూ ఆబ్రీ చూపు అతని మొహంమీదే ఉంది. సిబిల్ గుమ్మం పట్టుకుని నిలబడింది.

బేసిల్ ఫోను పెట్టేశాడు. నలభై మంది ముందు తడుముకోకుండా పేలిన నోరు ఒక్కడి ముందు ఎండిపోయింది. అబద్ధం చెబితే? పిలిచింది అందుకు కాదు. నిజం చెబితే? ఎలా చెబుతారు ఇలాంటిది, ఏ మాటతో మొదలెడతారు?

"చెప్పరా," అన్నాడు ఆబ్రీ.

"నయం కాదట. ఆపరేషన్ చేసినా లాభం లేదట. నొప్పి మాత్రం రానివ్వరట." ఊపిరి తీసుకున్నాడు. "ఈస్టర్ దాకా ఉండకపోవచ్చట."

ఆబ్రీ కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి కళ్ళు తెరిచి, పెద్ద బరువు దించుకున్న కూలివాడిలా నిట్టూర్చాడు. "అమ్మయ్య. ఇన్నాళ్ళకి ఒక్కడు చెప్పాడు."

అప్పుడు బేసిల్ ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా, గుక్కపట్టి ఏడ్చాడు.

"ఏడవాల్సింది నేను కదరా, నువ్వేంట్రా?" అన్నాడు ఆబ్రీ అయోమయంగా.

"పద్నాలుగు నెలలురా ఆబ్రీ! పద్నాలుగు నెలలు ఊరికే పారేశాం. ఇప్పుడు చూస్తే మూడు కూడా లేవు."

ఆబ్రీ బక్కచిక్కిన చెయ్యి చాపి, అతని చొక్కా పట్టుకుని మంచంవైపు లాగాడు.

"ఆ లెక్క నిన్నెవరడిగార్రా?" అన్నాడు. "కూర్చో."