అబ్రహాము సార్ శ్రుతి

పెళ్లయి నెల తిరగకముందే లూదియాకూ అజయ్ కుమార్‌కూ మొదటి పోట్లాట పాటల మీద వచ్చింది. ఇద్దరిదీ కరోకే పనే. పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో పాడేవాళ్లకు వెనక సంగీతం వేసిపెడతారు. ఆళ్లగడ్డలో ఆమె సిస్టమ్, నంద్యాలలో అతనిది. కాపురం ఒకటయ్యాక పాటలు రెండు చోట్ల ఎందుకని, తన పాటలన్నీ ఆమె లాప్‌టాప్‌లోకి ఎక్కించే పని అజయ్ నెత్తిన వేసుకున్నాడు. పనికి ముందుకు దూకే మొగుడు దొరకడం అదృష్టమే. కాకపోతే కాస్త చూసుకుని దూకాలి.

ఆ ఆదివారం ఆళ్లగడ్డ చర్చిలో కోత పండుగ. లూదియా నాయన అబ్రహాము సార్ ఏటా ఆ రోజు ఒక పాట పాడేవాడు. బడిలో పాఠాలు చెప్పిన గొంతు, మైకు లేకపోయినా బజారు దాకా వినిపించేది. పోయినేడు మాత్రం చరణంలో గొంతు పైకి అందక మధ్యలోనే కూర్చుండిపోయాడు. అప్పటినుంచి ఇంట్లో కూనిరాగం కూడా లేదు. కూతురు బతిమాలగా బతిమాలగా ఈసారి ఒప్పుకున్నాడు.

"శ్రుతి కొంచెం దించుతా నాయనా," అందామె.

"దించితే పాడను. ముసిలోడినైనానని ఊరంతా చాటాల్నా?"

మళ్లీ ఆగిపోతే ఆయన ఇక జన్మలో పాడడని లూదియా భయం.

తీరా షామియానా కింద లాప్‌టాప్ తెరిచి, ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని వింటే శ్రుతి వేరేగా ఉంది. అది ఆమె పాట కాదు.

"ఏందిది? నా పాటలు యాడ?"

"అదే పేరుతో ఇంకోటుంది, ఏం చేయాలని లాప్‌టాప్ అడిగింది. అన్నీ మార్చెయ్ అని నొక్కినా," అని నసిగాడు అజయ్. "ఒకే పాట రెండుసార్లు ఎందుకని..."

"నీ గొంతుకని రెండు మెట్లు దించి చేసుకున్న పాటప్పా ఇది! దించినట్టు తెలిస్తే మా నాయన మైకు ఆడనే పెట్టేసి పోతాడు."

లూదియా అసలు పాటలున్న డిస్కు నంద్యాల ఇంట్లో బీరువాలో ఉంది. పోయి వచ్చేలోపు కానుకల వేలం కూడా ముగుస్తుంది. ఇంతలో పాస్టరుగారు పిలవనే పిలిచారు. అబ్రహాము సార్ తెల్లచొక్కా సర్దుకుని మైకు అందుకున్నాడు. లూదియా మనసులో ప్రార్థన చేసుకుని మీట నొక్కింది.

సంగీతం మొదలవగానే ఆయన తల ఎత్తి కూతురి వైపు చూశాడు. లూదియా కళ్లు మూసుకుంది.

పల్లవి హాయిగా సాగింది. చరణం వచ్చింది. గొంతు పైకి వెళ్లి, అక్కడే కాసేపు నిలబడి, తీరిగ్గా కిందికి దిగింది. కానుకలుగా వచ్చిన గుమ్మడికాయల, బియ్యం మూటల పక్కన కూర్చున్న ఆడవాళ్లు చప్పట్లు అందుకున్నారు. లూదియాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"చూసినావా, మామకు తెలీనే లేదు," అన్నాడు అజయ్, తనే పాడినంత సంబరంగా.

చెమట తుడుచుకుంటూ అబ్రహాము సార్ వచ్చాడు. "ఏందీ గుసగుసలు?"

"ఏంలే మామా."

ఆయన అటూ ఇటూ చూసి, అల్లుడి భుజం మీద చెయ్యి వేసి గొంతు తగ్గించాడు. "శ్రుతి దించేంత ధైర్యం నా కూతురికి లేదు. ఇది నీ పనే. క్రిస్మస్‌కు గూడా పాడతా, నీ పాటే పెట్టు. ఎవురన్నా అడిగితే, అల్లుడు తెలీక పెట్టినాడని చెప్తా."